సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కావడానికి నాకు పట్టిన మూడున్నరేళ్ళు

2022 జూన్ రెండో వారం. హైదరాబాద్‌లో నేను పనిచేస్తున్న మెడికల్ షాపుకు ఒకావిడ చంకలో ఏడాది పాపతో వచ్చింది. చీటీ కౌంటర్ మీద పెట్టి, చెవి వైపు వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. పాపకు జ్వరం, దగ్గు. డాక్టరు యాంటీబయాటిక్ డ్రై సిరప్ రాశారు. సీసాలో పొడి ఉంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకు పోసి, బాగా కుదిపి, ఆ మందును పూటకు ఇంత అని పట్టాలి. నేను డబ్బా మీద తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో అంతా రాసి చూపించాను. ఆవిడ చూసింది, తలూపింది, డబ్బులిచ్చి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చింది. ఈసారి పక్కన ఆరేళ్ళ బాబు ఉన్నాడు. సీసాలో పొడి పొడిగానే ఉంది, కాస్త తగ్గిందంతే. "మా అమ్మ చెంచాలో పొడి వేసి నీళ్ళు కలిపి పడుతోంది, చెల్లి కక్కేస్తోంది" అన్నాడు వాడు. నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. దేవుడి దయ, పాపకు ఏమీ కాలేదు. డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కుని, కొత్త సీసా తీసి, నీళ్ళు పోసి కలిపిచ్చాను. ఎంత పట్టాలో బాబుకు చెప్పాను. "అయిదు ఎం.ఎల్. అంటే ఎంత?" అని వాడు నన్ను అడిగి, మూత మీద గీత చూసుకుని, వాళ్ళమ్మకు చేతులతో చెప్పాడు. ఏడాది పాప ఒంట్లోకి వెళ్ళే మందు మోతాదు ఆరేళ్ళ పిల్లాడి మాట మీద ఆధారపడి ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాసిచ్చాను కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను, ఆ మాట నాకే ఒప్పడం లేదు.

సైన్ లాంగ్వేజ్, అంటే వినిపించనివాళ్ళు చేతులతో, ముఖంతో మాట్లాడుకునే భాష, నేను నేర్చుకోవాలనుకున్నది అందుకే. అప్పటికి అది నెలా రెణ్ణెల్లలో అయిపోయే పని అనుకున్నాను.

మొదట ఫోన్‌లో వీడియోలు చూసి మొదలుపెట్టాను. ఇరవై రోజులు కష్టపడి అక్షరాలన్నీ ఒక చేత్తో పెట్టడం నేర్చుకున్నాను. తీరా చూస్తే అది అమెరికన్ సైన్ లాంగ్వేజ్. మన ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో అక్షరాలు రెండు చేతులతో పెడతారు. ఇంగ్లీషు అచ్చులు అయిదూ ఎడమచేతి అయిదు వేళ్ళ కొసల మీద ఉంటాయి. బొటనవేలు కొస ముట్టుకుంటే ఏ, చిటికెన వేలు కొస ముట్టుకుంటే యూ. దేశాన్నిబట్టి సైన్ లాంగ్వేజ్ మారుతుందన్న సంగతి కూడా నాకు తెలియదప్పటికి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వీడియో ఏ దేశానిదో ముందు చూసుకోండి. ఢిల్లీలో 2015లో పెట్టిన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ వాళ్ళ వీడియో డిక్షనరీ ఉచితంగా దొరుకుతుంది. 2018లో మూడు వేల పదాలతో మొదలై 2021 ఫిబ్రవరికి పది వేల పదాలైంది. నాకు రాత్రిపూట అదే తోడు.

కానీ డిక్షనరీ చూసి మాట్లాడటం రాదు. 2022 సెప్టెంబర్ 3, శనివారం, ఒక బేసిక్ క్లాసులో చేరాను. మూడు నెలలు, శని ఆదివారాలు రెండేసి గంటలు, ఫీజు 4,500 రూపాయలు. పదకొండు మందిమి. డెఫ్ పిల్లల తల్లులు ముగ్గురు, ఒక బ్యాంకు ఉద్యోగి, సోషల్ వర్క్ చదివే అమ్మాయిలు, తాను పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి డెఫ్ అని వచ్చిన ఒక కుర్రాడు. టీచరు డెఫ్. ఆయన లోపలికి రాగానే లైటు స్విచ్ రెండుసార్లు ఆర్పి వెలిగించారు. అందరం అటు చూశాం. తలుపు పక్కన అట్టపెట్టెలో ఫోన్లు వేయమన్నారు. తర్వాత తన పెదాల మీద తాళం వేసి, ఆ తాళంచెవిని జేబులో వేసుకున్నట్టు చూపించారు. ఆ మూడు నెలల్లో ఆ గదిలో ఎవరం గొంతు విప్పలేదు.

మొదటి రోజే ఆయన బోర్డు మీద మనం మామూలుగా వాడే రెండు మాటలు రాశారు. చెవిటి, మూగ. రెండో దాన్ని కొట్టేశారు. తన గొంతు మీద మా చేయి ఒక్కొక్కరిది పెట్టించుకుని నవ్వారు. గొంతు అదిరింది. గొంతు ఉంది, భాష ఉంది, అది చేతుల్లో ఉంది, ఇక మూగ ఎవరు అని ఆయన అడగనక్కర్లేకపోయింది. మొదటి మాట స్థానంలో డెఫ్ అని రాశారు. అప్పట్నుంచి నేను డెఫ్ అనే అంటాను, వాళ్ళూ అలాగే చెప్పుకుంటారు.

ఒక్క విషయం ఎవరూ ముందు చెప్పరు. చేతుల కన్నా ముందు కళ్ళు అలసిపోతాయి. వినేవాళ్ళం మాట్లాడేటప్పుడు అటూ ఇటూ చూస్తూనే వింటాం. అక్కడ చూపు పక్కకు తిప్పితే మాట పోయినట్టే. నోట్సు రాసుకుందామని తల వంచాను, ఎత్తేసరికి మూడు వాక్యాలు వెళ్ళిపోయాయి. మొదటి వారం క్లాసు అయ్యాక తలనొప్పితో ఇంటికి వచ్చి చీకట్లో పడుకున్నాను. నెల తిరిగేసరికి తగ్గింది. నోట్సు రాయడం మానేశాను.

ఆ తర్వాత కష్టం ముఖంతో వచ్చింది. నేను పెరిగిన ఇంట్లో ఆడపిల్ల ముఖం ఎప్పుడూ నెమ్మదిగా ఉండాలి. కనుబొమలు ఎగరేస్తే తిట్టేవారు. క్లాసులో టీచరు 'టీ, నువ్వు, తాగడం, అయింది' అని సైన్ చేసి, అదే మళ్ళీ కనుబొమలు పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసి, తల కాస్త ముందుకు వంచి చేశారు. మొదటిది టీ తాగావు. రెండోది టీ తాగావా? మనం మాట చివర పెట్టే దీర్ఘం అక్కడ కనుబొమల్లో ఉంటుంది. అది అర్థమైన రోజున నాకు ఒళ్ళు జలదరించింది. కనుబొమలు ఎత్తకపోతే మర్యాద తక్కువ కావడం కాదు, వ్యాకరణం తప్పు.

మన తెలుగువాళ్ళకు ఒక సుఖం కూడా ఉంది. 'నిన్న నేను బజారుకు వెళ్ళాను' అని కాలం ముందు, క్రియ చివర చెప్పడం మనకు పుట్టుకతో వచ్చిందే, అక్కడా అంతే. కాదు, లేదు అన్నవి చివరకే వస్తాయి. ఏమిటి, ఎక్కడ లాంటి ప్రశ్న మాటలూ చివరనే. 'నీ పేరు ఏమిటి' అన్నది మాట మాటకూ అలాగే సరిపోయింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఆ వరుస దగ్గర తడబడుతుంటే నేను హాయిగా దాటేశాను. ఆడ అనడానికి ముక్కుపుడక ఉండే చోట, మగ అనడానికి మీసం దగ్గర వేలు పెట్టడం ఒకసారి చూస్తే ఇక మరిచిపోం.

ఏడో వారంలో నాకు సైన్ పేరు వచ్చింది. అది మనం పెట్టుకునేది కాదు, డెఫ్ వాళ్ళే ఇవ్వాలి. షాపులో అలవాటు కొద్దీ నేను చెవి వెనక పెన్ను పెట్టుకుంటాను. టీచరు అది చూపించి, చూపుడువేలు చెవి వెనక్కి జార్చారు. అంతే, అదే నేను. అక్షరం అక్షరం పేర్చుకుంటూ పేరు చెప్పుకునే అవసరం తీరిపోయింది. ఇంటికి వెళ్ళే దారిలో బస్సులో ఆ సైన్ నాలుగైదు సార్లు చేసుకుని చూసుకున్నాను.

సెప్టెంబర్ 23 అంతర్జాతీయ సైన్ లాంగ్వేజ్ దినం. ఆ ఏడాది అది శుక్రవారం పడింది కాబట్టి ఇక్కడి వాళ్ళు ఆదివారం సభ పెట్టుకున్నారు. నిశ్శబ్దంగా ఉంటుందనుకుని వెళ్ళాను. హాలంతా నవ్వులు, కుర్చీల చప్పుడు, పిలవడానికి నేల మీద కాలితో కొట్టడాలు. చప్పట్లకు బదులు రెండు వందల చేతులు పైకి లేచి గలగలా తిరిగాయి. సభ అయ్యాక ఎవరూ కదల్లేదు. చీకటి పడుతుంటే అందరూ వీధి దీపం కిందికి జరిగి అక్కడ మాట్లాడుకున్నారు. సెలవు తీసుకోవడానికే ముప్పావుగంట పట్టింది. ఆ రోజు నుంచి ఆదివారాలు వాళ్ళ మధ్యే గడిపాను. భాష నాకు వచ్చింది నిజానికి ఆ వీధి దీపం కిందే.

బేసిక్ అయిపోయాక పలకరింపులు, కుశల ప్రశ్నలు వచ్చేశాయి. ఒక స్నేహితురాలితో బ్యాంకుకు వెళ్తే మాత్రం నామినీ అంటే ఏమిటో చెప్పలేక చెమటలు పట్టాయి. అప్పుడు అర్థమైంది, తెలిసిన సైన్లతో సాయం చేద్దామని వెళ్ళడం ప్రమాదం. ఆవిడ సంతకం పెట్టే కాగితం గురించి నాకు సగమే చెప్పడం వస్తే, పోయేది ఆవిడ డబ్బు.

ఇంటర్‌ప్రెటర్ అంటే ఒకరి మాటను ఇంకొకరి భాషలోకి మార్చి చెప్పే మనిషి. ఆ పని నేర్పే రెండేళ్ళ డిప్లొమా ఇన్ ఇండియన్ సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రిటేషన్ ఉంది. అందరూ డిస్లీ అంటారు. ఇలాంటి కోర్సులను చూసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కోర్సు, ఇంటర్ యాభై శాతం మార్కులతో పాసై ఉండాలి. 2023 జూన్‌లో దరఖాస్తు పెట్టాను. సెలెక్షన్ కబురు కోసం నలభై రోజులు ఎదురుచూశాను. సీటు వేరే రాష్ట్రంలో వచ్చింది. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే రైలు టికెట్ బుక్ చేశారు. అత్తయ్య "ఉన్న ఉద్యోగం వదిలి చేతులు తిప్పడం నేర్చుకుంటావా" అన్నారు. ఆవిడ కోపంలో న్యాయం లేదని నేను అనను. నెలకు 16,500 జీతం వదులుకున్నాను. రెండేళ్ళకు ఫీజులు, హాస్టల్, రాకపోకలు అన్నీ కలిపి 2,30,000 దాకా అయింది. చీటీ పాడి మొదటి ఏడాది గడిపాను, రెండో ఏడాదికి గాజులు కుదువ పెట్టాను.

గాజుల సంగతి ఇంకోటి ఉంది. ఇంటర్‌ప్రెటర్ చేతుల మీద మెరిసేవి, కదిలేవి ఉండకూడదు. చూసేవాళ్ళ కన్ను వాటి మీదికి పోతుంది. పూల చీరలు, చారల చొక్కాలు కుదరవు, ఒంటి రంగుకు తేడాగా కనిపించే ఒకే రంగు బట్ట వేసుకోవాలి. గోళ్ళ రంగు వద్దు. ముదురు రంగు కుర్తీలు నాలుగు కొన్నాను, 1,800. సెలవులకు బోసి చేతులతో ఇంటికి వస్తే అత్తయ్య గుమ్మంలోనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా వైపు గాజులు తీయడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడను కూర్చోబెట్టి, చేతికి నాలుగు మట్టిగాజులు వేసుకుని ఒక కథ సైన్ చేశాను. తర్వాత అవి తీసేసి అదే కథ మళ్ళీ చేశాను. రెండోసారి ఆవిడ నా చేతులు చూడలేదు, కథ చూశారు. "పనికి వెళ్ళేటప్పుడు తియ్యి, ఇంటికి రాగానే వేసుకో" అన్నారు. ఇప్పటికీ అదే ఒప్పందం.

కోర్సులో మొదటి ఆరు నెలలు నేర్చుకున్నది తక్కువ, మానుకున్నది ఎక్కువ. నేను అప్పటిదాకా తెలుగు వాక్యం మనసులో అనుకుంటూ ఒక్కో మాటకు ఒక్కో సైన్ పెట్టేదాన్ని. అది సైన్ లాంగ్వేజ్ కాదు, చేతులతో తెలుగు. రోజూ రాత్రి ఫోన్ ముందు అయిదు నిమిషాలు సైన్ చేసి, వీడియో చూసుకుని, తప్పులు రాసుకోవాలి. వందలకొద్దీ వీడియోలకు మెమరీ కార్డు 900, చిన్న ట్రైపాడ్ 650. నన్ను నేను చూసుకోవడం మొదట్లో భరించలేకపోయేదాన్ని. మూడో నెలకు కుడి భుజం పట్టేసింది. ఫిజియోథెరపీ ఆరు సిట్టింగులు, ఒక్కోటి 400. సీనియర్లు సన్నాహక వ్యాయామం చేయమంటే పట్టించుకోలేదు, అది నా తప్పే. ఇంటర్‌ప్రెటర్లు పెద్ద కార్యక్రమాలకు ఇద్దరేసి వెళ్ళి, ఇరవై నిమిషాలకోసారి మారతారు. బద్ధకం అనుకునేవాళ్ళున్నారు. ఇరవై నిమిషాలు దాటాక మెదడు మాటలు వదిలేస్తుంది, వదిలేసిన సంగతి మనకే తెలియదు.

వినేది సైన్ చేయడం కష్టమనీ, సైన్ చూసి గొంతుతో చెప్పడం తేలికనీ అనుకుని వెళ్ళాను. పూర్తిగా తలకిందులు. నాకు తెలిసిన సైన్లతో నేను చెప్పుకోగలను, కానీ ఎదుటి మనిషి తన యాసలో, తన వేగంతో చేసేది పట్టుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

చేరిన నెలలోపే, 2023 సెప్టెంబర్‌లో, సుప్రీంకోర్టులో సారా సన్నీ అనే డెఫ్ న్యాయవాది వర్చువల్ విచారణలో ఇంటర్‌ప్రెటర్ సాయంతో వాదన వినిపించారు. ఆ వార్త వచ్చిన రోజు హాస్టల్లో ఒకే ఫోన్ చుట్టూ పదిహేను మందిమి చేరాం. మా డెఫ్ టీచర్ ఒకావిడ ఆ క్లిప్పు మళ్ళీ మళ్ళీ పెట్టమన్నారు. అందరం ఇంటర్‌ప్రెటర్ చేతులు చూస్తున్నాం. ఆవిడ మాత్రం లాయరునే చూస్తున్నారు.

అమ్మాయితో రోజూ వీడియో కాల్. ఒక రాత్రి నెట్‌వర్క్ బాగాలేక మాట తెగిపోతుంటే, నేను నేర్పిన నాలుగు సైన్లతో "అమ్మా, అన్నం తిన్నావా?" అని కనుబొమలు ఎత్తి అడిగింది. నాకు క్లాసులో నెలరోజులు పట్టినది దానికి ఆటలో వచ్చేసింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

చివరి ఏడాది, 2025 జనవరి నుంచి నెలరోజులు ప్రాక్టికల్స్ సొంత ఊళ్ళో చేసుకునే వీలు కల్పించారు. ఒక డెఫ్ మెంటర్, నేను, ఒక ఆసుపత్రి. అక్కడ జరిగింది కాస్త వివరంగా చెప్పాలి.

యాభై ఏళ్ళావిడ, కడుపు నొప్పి. బయట బెంచీ మీద గంటన్నర కూర్చున్నాం, మాటల్లో ఆవిడ తన బాధంతా నాకు చెప్పుకుంది. లోపలికి వెళ్ళాక నేను నేర్చుకున్నట్టే డాక్టరు పక్కన, కాస్త వెనగ్గా కూర్చున్నాను, ఆవిడకు ఇద్దరమూ ఒకే చూపులో కనపడాలని. ఆవిడ సైన్ చేయగానే "నాకు ఇక్కడ నొప్పిగా ఉంది" అన్నాను. డాక్టరు నా వైపు తిరిగి "నొప్పి మీకా, ఆవిడకా?" అన్నారు. ఇంటర్‌ప్రెటర్ ఎప్పుడూ 'నేను' అనే చెప్పాలి, ఆవిడ గొంతు కాబట్టి. ఆ ముక్క ముందే డాక్టరుకు చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా మొదటి నిమిషంలోనే చెబుతాను.

తర్వాత డాక్టరు "ఎన్ని రోజుల నుంచి?" అన్నారు. బెంచీ మీద ఆవిడ నాకు చెప్పింది కదా. ఆవిడ వైపు తిరక్కుండానే "నాలుగు రోజుల నుంచండీ" అనేశాను. డాక్టరు రాసుకున్నారు. ఆవిడ మా ఇద్దరి పెదాలూ కదలడం చూసింది. నా మోకాలి మీద తట్టింది. "ఏం మాట్లాడుకున్నారు?" అని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. "అడిగింది నన్ను" అని సైన్ చేసింది. నా వైపు వేలు చూపి, తన వైపు తిప్పుకుని, మళ్ళీ చేసింది. "నన్ను." ఇంకా నాలుగు రోజులనేది ఈసారి వచ్చిన నొప్పి గురించి. అదే నొప్పి దీపావళికి ఒకసారి వచ్చి తగ్గింది. అది డాక్టరుకు చెబుదామని దాచుకుంది, నాకు చెప్పలేదు. ఆ ముక్క విన్నాక డాక్టరు స్కానింగ్ రాశారు.

బయటికి వచ్చాక మెంటర్ ఇంకోటి చెప్పారు. ఆవిడ నొప్పి అన్నప్పుడు బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు బిగుసుకున్నాయి, భుజాలు ముందుకు ముడుచుకున్నాయి. అది 'మెలిపెట్టినట్టు, ఊపిరాడనంత నొప్పి'. నేను గొంతుతో చెప్పింది 'నొప్పిగా ఉంది'. "ఆవిడ చెప్పినదాంట్లో సగం నేల మీద పారేశావు" అన్నారాయన. ఆ రోజు అన్నం సయించలేదు. మందుల షాపులో ఆరేళ్ళ బాబును చూసి జాలిపడిన నేను, వాడు చేయని తప్పు చేశాను. వాడు తెలియనిది నన్ను అడిగి, వాళ్ళమ్మకు చెప్పాడు.

మనకు మీరు, నువ్వు అన్న తేడా ఒకటి. సైన్‌లో వేలు చూపిస్తే చాలు, గౌరవం ముఖంలో, నిలబడే తీరులో తెలుస్తుంది. గొంతుతో చెప్పేటప్పుడు ఆ గౌరవం వినిపించాలి కదా, అందుకని డాక్టరుతో 'మీరు' అంటాను. డాక్టరు ఆవిడను 'నువ్వు' అంటే ఏం చేయాలి? దాన్ని నేను తీపి చేయకూడదు. ఆయన చిరాకు పడితే చిరాకుగానే సైన్ చేయాలి. దానికి ఎలా జవాబివ్వాలో ఆవిడ ఇష్టం. నాకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే. మంచిదనుకుని మాట మెత్తబరిచే అలవాటు మనలో చాలామందికి ఉంటుంది.

జూన్‌లో పరీక్షలు. ప్రాక్టికల్‌లో ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఒకరు డెఫ్ ఎగ్జామినర్. నా చేతులు చల్లబడిపోయాయి, వేళ్ళు తిరగలేదు. నా టెన్షన్ ఆయన గమనించి, రెండు చేతులూ రుద్దుకోమని సైగ చేసి ఆగారు. ఫలితాలకు డెబ్బై రోజులు. సర్టిఫికెట్లు చేతికి వచ్చాక కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుకు దరఖాస్తు. రిజిస్ట్రేషన్ నంబరు నవంబర్ 18న వచ్చింది. దరఖాస్తు పెట్టే ముందు మార్కుల మెమోల మీద, ఇంటర్ సర్టిఫికెట్ మీద పేరు అక్షరాలా ఒకేలా ఉందో లేదో చూసుకోండి. నాకు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి, అఫిడవిట్‌కు రెండు రోజులు తిరిగాను.

ఊరికి తిరిగొచ్చాక వారాల పేర్లు, కొన్ని రంగులు చదువుకున్న ఊరి పద్ధతిలో చేస్తున్నానని వీధి దీపం కింద స్నేహితులు పట్టుకున్నారు. సైన్లు ఊరినిబట్టి మారతాయి. వ్యాకరణం ఒకటే, మాటలు వేరు. ఇక్కడివి మళ్ళీ కూడదీసుకోవడానికి నెల పట్టింది.

సంపాదన గురించి నిజం చెప్పాలి. నవంబర్‌లో నాకు వచ్చింది 9,200. షాపు జీతం కన్నా తక్కువ. పిలుపులు ఒక వారం మూడు, ఒక వారం ఒక్కటీ ఉండవు. అందుకే వారానికి మూడు రోజులు మళ్ళీ అదే షాపులో కూర్చుంటున్నాను. మిగతా రోజులు ఆసుపత్రి, బ్యాంకు, ఉద్యోగాల ఇంటర్వ్యూలు. ఒకరి ఇంట్లో తెలిసింది ఇంకొకరి ఇంట్లో అనకూడదు. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు, "మా అక్కకు డాక్టరేమన్నాడు?" అని అభిమానంగా అడుగుతారు. మీ అక్కనే అడగండి అంటాను. మొదట్లో ముఖం మాడ్చుకున్నారు, ఇప్పుడు అలవాటైంది.

డిసెంబర్ 13, శనివారం, ఒక స్కూల్లో పేరెంట్స్ మీటింగుకు పిలిచారు. తల్లీ తండ్రీ ఇద్దరూ డెఫ్. బాబుకు తొమ్మిదేళ్ళు, వింటాడు. నాలుగేళ్ళుగా ప్రతి మీటింగులో తన మార్కుల సంగతి, తన అల్లరి సంగతి అమ్మానాన్నలకు వాడే చెబుతూ వచ్చాడు. టీచరమ్మ పక్కన కుర్చీలో నేను కూర్చున్నాను. వాడు అలవాటు కొద్దీ అమ్మకూ టీచరుకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. టీచరు "లెక్కల్లో వెనకబడ్డాడండీ" అన్నారు. నేను సైన్ చేశాను. వాళ్ళమ్మ "ఏ లెక్కల్లో? ఇంటి దగ్గర నేను చూస్తాను" అంది. నేను గొంతుతో చెప్పాను. బాబు నా చేతులు చూశాడు, అమ్మను చూశాడు, టీచరును చూశాడు. కాసేపటికి అమ్మ కొంగు లాగి, "నేను ఉండాలా?" అని అడిగాడు.

ఆవిడ కిటికీలోంచి గ్రౌండు చూపించి, వెళ్ళి ఆడుకో అంది. వాడు బ్యాగు అక్కడే పడేసి పరుగెత్తాడు.